పోయిన ఉద్యోగానికి 108 ప్రదక్షిణలు



పోయిన వారం వీడియోలో సాయంత్రం దీపం గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. "అన్నా, కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఊరు మారాను. నాన్నకి ఒంట్లో బాగోలేదు. ఇంట్లో అందరూ దేవుడికి కృతజ్ఞతగా ఉండు, అన్నీ సర్దుకుంటాయి అంటున్నారు. నిజం చెప్పన్నా, దేనికి కృతజ్ఞత?"

రెండు రోజులు జవాబు ఇవ్వలేకపోయాను. రెండు మాటల్లో చెప్పే జవాబు నా దగ్గర లేదు. ఉన్న జవాబు చెప్పాలంటే నా గురించి ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ కెమెరా ముందు చెప్పడానికి మనసు రాలేదు. అందుకే వీడియోలో కాకుండా ఇక్కడ రాస్తున్నాను.

11 తిరిగాను, 108 మర్చిపోయాను

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి చిలుకూరు గురించి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్లకోసం చెబుతాను. గండిపేట చెరువు పక్కన చిన్న గుడి, బాలాజీ స్వామి. హుండీ ఉండదు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరాక మళ్లీ వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా గళ్లు గీసిన చిన్న కాగితం చేత్తో పట్టుకుని, ఒక్కో చుట్టుకి ఒక్కో గడి కొట్టేస్తూ తిరుగుతారు. వీసా కోసం మొక్కుకునే కుర్రాళ్లు ఎక్కువ కాబట్టి వీసా బాలాజీ అని కూడా పేరు.

ఇంజినీరింగ్ అయ్యాక ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. అప్పుడు ఫ్రెండ్‌తో కలిసి వెళ్లి 11 తిరిగాను. "స్వామీ, ఒక్క ఉద్యోగం. ఇంకేమీ అడగను." కొన్ని వారాలకి ఉద్యోగం వచ్చింది. అమ్మకి ఫోన్ చేశాను, ఫ్రెండ్స్‌కి బిర్యానీ పెట్టించాను, కొత్త చెప్పులు కొన్నాను. 108కి మాత్రం వెళ్లలేదు.

కావాలని మానలేదు. ఈ శనివారం అనుకున్నాను, వచ్చే శనివారం అనుకున్నాను. పోనీ పుట్టినరోజుకి అనుకున్నాను. అలా నాలుగేళ్లు గడిచిపోయాయి. ఈ మధ్యలో ఈ ఛానెల్ పెట్టాను. భక్తి గురించి మీ అందరికీ చెబుతున్నాను. ఆ గుడి మా ఇంటి నుంచి గంట దూరం కూడా లేదు.

నాలుగేళ్ల తర్వాత ఒక గురువారం ఉదయం పదిహేను నిమిషాల కాల్‌లో ఉద్యోగం పోయింది. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. నాతో పాటు చాలామందికి పోయింది. అయినా ఆ రాత్రి నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? "108 చేయలేదు. అందుకే."

మూడు వారాలు దీపం లేదు

రోజూ సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "ఏరా, దీపం పెట్టావా?" అంటుంది. "ఆఁ పెట్టానమ్మా" అనేవాణ్ణి. అబద్ధం. మూడు వారాలు పెట్టలేదు.

కోపం వల్ల అనుకునేరు. కోపం కంటే సిగ్గు ఎక్కువ. దీపం ముందు కూర్చుంటే నోరు ఏమనాలి? థాంక్స్ అంటే అబద్ధం. కడుపులో మండుతోంది కదా. ఉద్యోగం ఇవ్వు అంటే అవసరానికి వచ్చినట్టు ఉంటుంది. పోయినసారి ఇచ్చినదానికే లెక్క తీర్చలేదు. సారీ అంటే ఇంకా ఘోరం. దేవుడు మనం కట్టని కిస్తీకి వడ్డీతో సహా వసూలు చేసే మనిషి అని ఒప్పుకున్నట్టే.

ఆ మూడో మాట దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మీలో కూడా చాలామంది అక్కడే ఆగి ఉంటారు. మొక్కు తీర్చలేదు కాబట్టి ఇలా అయింది, ఆ రోజు గుడికి వెళ్లలేదు కాబట్టి అలా అయింది. నెమ్మదిగా ఆలోచిస్తే ఆ లెక్క నిలబడదు. అదే రోజు ఉద్యోగం పోయిన నా పక్క సీటు అతను ఏ మొక్కూ బాకీ లేడు. ప్రతి శనివారం వేంకటేశ్వరస్వామికి ఉపవాసం ఉండేవాడు. నా 108 కోసం అతని జీతం కూడా పోయిందని అనగలనా? అంటే అంతకన్నా అహంకారం ఉంటుందా?

కాబట్టి శిక్ష అనే మాట పక్కన పెట్టాను. పక్కన పెట్టినా ఒకటి మిగిలింది. నేను బాకీ ఉన్నమాట మాత్రం నిజం. శిక్షకి భయపడి కాకపోయినా, బాకీ బాకీనే. ఉద్యోగం పోయినంత మాత్రాన అది పోతుందా, ఉంటుందా? ఈ ప్రశ్నే నన్ను ఇంతదాకా తెచ్చింది.

"అంతా మన మంచికే" అని ఎవరు ఎవరితో అనాలి?

ఈలోపు విషయం బంధువులకి తెలిసింది. ఫోన్లు మొదలయ్యాయి. "ఏం పర్లేదు నాన్నా, అంతా మన మంచికే." ఒకరు కాదు, పదిమంది. ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ప్రతిసారీ గుచ్చుకుంది. ఎందుకో అర్థం కాలేదు.

చిన్నప్పుడు మామ్మ చెప్పిన కథ గుర్తు తెచ్చుకున్నాను. మీకూ తెలిసే ఉంటుంది. రాజుగారి వేలు తెగుతుంది. మంత్రి "అంతా మన మంచికే మహారాజా" అంటాడు. రాజుకి ఒళ్లు మండి మంత్రిని చెరసాలలో వేయిస్తాడు. తర్వాత వేటకి వెళ్లిన రాజుని అడవి మనుషులు పట్టుకుని బలి ఇవ్వబోతారు. వేలు లేదు, అవయవలోపం ఉంది, బలికి పనికిరాడని వదిలేస్తారు. రాజు పరుగున వచ్చి మంత్రిని విడిపించి, "నా వేలు తెగడం నా మంచికే, నిన్ను చెరలో వేయడం నీకేం మంచి?" అని అడుగుతాడు. "నేను మీతో వచ్చి ఉంటే నన్ను బలి ఇచ్చేవారు కదా ప్రభూ" అంటాడు మంత్రి.

చిన్నప్పుడు మంత్రి తెలివి నచ్చింది. ఇప్పుడు ఇంకోటి కనిపించింది. ఆ మంత్రి ఒకే మాట రెండుసార్లు అన్నాడు. తన చెర గురించి అన్నప్పుడు ఆ మాటకి బరువు ఉంది. అనుభవించినవాడు, గడిచాక అంటున్నాడు. రాజు వేలి గురించి అన్నప్పుడు మాత్రం ఇంకా రక్తం కారుతోంది. అక్కడ ముందు కావలసింది గుడ్డ ముక్క. రాజుకి కోపం వచ్చిందంటే నేను తప్పు పట్టను.

ఇంకో సంగతి. కథలో రెండో సగం ఉంది. వేలు ఎందుకు తెగిందో నాలుగు రోజుల్లో తెలిసిపోయింది. మన జీవితాల్లో ఆ రెండో సగం చాలాసార్లు రాదు. పెద్దాయన పోయాడు, ఎందుకో తెలియదు. సంబంధం తప్పింది, ఎందుకో తెలియదు. తెలియనిదాన్ని మంచి అని ఒప్పుకుంటేనే భక్తి అంటే, ఆ భక్తికి అబద్ధం పునాది అవుతుంది.

ఇలాంటిదే ఇంకో సలహా, "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లని చూసుకుని తృప్తిపడు." దీంతో కూడా నాకు పేచీ ఉంది. ఎవరో కాలు లేనివాణ్ణి చూసి నాకు రెండు కాళ్లు ఉన్నాయని సంతోషపడితే, ఆయన కష్టాన్ని నా మందుగా వాడుకున్నట్టు. ఆయనకి నేనేమీ చేయలేదు, పైగా ఆయన నా మెట్టు అయ్యాడు. కృతజ్ఞత కిందికి చూసేది అయ్యుండదు. ఇచ్చినవాళ్ల వైపు చూడాలి.

అందుకే ఆ చెల్లెలికి మొదట చెప్పేది ఇదే. సంబంధం తప్పిపోయినందుకు నువ్వు థాంక్స్ చెప్పక్కర్లేదమ్మా. నాన్న జబ్బుకి అసలే చెప్పక్కర్లేదు. అలా చెప్పమని మన శాస్త్రం ఎక్కడా నిన్ను బలవంతం చేయలేదు.

ఆ మాటలోనే జవాబు ఉంది

మరి ఏం చెప్పింది? "కృతజ్ఞత" అనే మాటనే విప్పి చూడండి. కృతం అంటే చేయబడినది. జ్ఞ అంటే తెలిసినవాడు. కృతజ్ఞుడు అంటే తనకి జరిగిన మేలు తెలిసి ఉన్నవాడు. అంతే. ఈ మాటలో సంతోషం లేదు, చిరునవ్వు లేదు. తెలిసి ఉండటం మాత్రమే ఉంది.

ఇది నాకు చాలా పెద్ద ఊరట. మనం ఈ రోజుల్లో కృతజ్ఞతని ఒక ఫీలింగ్ అనుకుంటున్నాం. గుండె నిండా వెచ్చగా అనిపించాలి, లేకపోతే నాలో ఏదో లోపం ఉంది అనుకుంటాం. ఫీలింగ్ మన చేతిలో ఉండదు. ఉద్యోగం పోయిన రోజు వెచ్చగా అనిపించమంటే ఎలా అనిపిస్తుంది? తెలిసి ఉండటం మాత్రం ఏడుస్తూ కూడా చేయొచ్చు. అమ్మ అన్నం పెట్టిందని తెలియడానికి నేను సంతోషంగా ఉండక్కర్లేదు.

రామాయణం మొదట్లోనే వాల్మీకి నారదుణ్ణి అడుగుతాడు, ఈ లోకంలో ఇన్ని గుణాలు ఉన్న మనిషి ఎవరైనా ఉన్నారా అని. ఆ గుణాల్లో గుణవంతుడు, వీర్యవంతుడు, ధర్మజ్ఞుడు అన్నాక వెంటనే వచ్చేది కృతజ్ఞుడు. సత్యవాక్యం కూడా దాని తర్వాతే. అయోధ్యకాండ మొదటి సర్గలో రాముడి గురించి ఇంకా వివరంగా చెబుతాడు వాల్మీకి. ఎవరైనా ఎలాగో ఒక్క ఉపకారం చేస్తే చాలట, రాముడు దానితో తృప్తిపడతాడు. వంద అపకారాలు చేసినా గుర్తు పెట్టుకోడట.

గమనించారా, ఇదంతా పట్టాభిషేకం ఆగిపోవడానికి ముందే చెప్పాడు. ఎందుకంటే కాసేపట్లో ఆ గుణానికి పరీక్ష రాబోతోంది. ముందురోజు రాజు కావాల్సినవాడు, తెల్లారేసరికి అడవికి వెళ్లాలి. తనని అడవికి పంపిన కైకేయిని కూడా రాముడు అమ్మా అనే పిలిచాడు. ఆమె అడిగిన వరాలు మంచివని ఎక్కడా అనలేదు. ఆమె ఇన్నేళ్లూ తనని పెంచిందన్న సంగతి మాత్రం ఆ ఒక్క ఉదయం వల్ల చెరిగిపోలేదు. కృతజ్ఞత అంటే నాకు ఇప్పుడు ఇలా అర్థమవుతోంది. ఈ రోజు జరిగిన చెడు, నిన్న జరిగిన మంచిని వెనక్కి వెళ్లి తుడిచేయకుండా చూసుకోవడం.

మన పెద్దలు దీన్ని ఋణం అన్నారు కూడా. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. మనిషి పుడుతూనే ఈ మూడింటితో పుడతాడు అన్నారు. చిన్నప్పుడు ఈ మాట భారంగా అనిపించేది, పుట్టగానే అప్పా అని. ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది. అప్పు ఉంది అంటే ఎవరో ఇచ్చారని అర్థం. చేతిలో ఏమీ లేని రోజున కూడా నేను ఎవరో ఇచ్చినదానితోనే నిలబడి ఉన్నాను.

తిట్టినా ప్రార్థనే

సరే, పోయినదానికి థాంక్స్ చెప్పక్కర్లేదు, ఇచ్చినదాన్ని మర్చిపోకూడదు. మరి కడుపులో మంట మాట ఏమిటి? దాన్ని బయట చెప్పులతో పాటు వదిలేసి లోపలికి వెళ్లాలా?

గోల్కొండ కోటకి మీరు స్కూల్ ట్రిప్‌లో వెళ్లే ఉంటారు. అక్కడ రామదాసు చెర చూపిస్తారు. ఈసారి వెళ్తే ఫోటో తీసుకుని వచ్చేయకుండా రెండు నిమిషాలు నిలబడండి. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు. భద్రాచలంలో గుడి కట్టించి, నగలు చేయించినందుకు ఖజానా సొమ్ము వాడాడని తానీషా ఆయన్ని బంధించాడు. పన్నెండేళ్లు అంటారు. అంటే ఆయన చేసింది దేవుడి పని, వచ్చింది దెబ్బలు.

అక్కడ కూర్చుని ఆయన అంతా మన మంచికే అనలేదు. రాముడితో లెక్క చెప్పాడు. సీతమ్మకి ఏ పతకం చేయించానో, లక్ష్మణుడికి, భరతుడికి, శత్రుఘ్నుడికి ఏం చేయించానో ఒక్కొక్కటీ పేరు పెట్టి పాడాడు. ఎవడబ్బ సొమ్మని తిరుగుతున్నావు అన్నంత పని చేశాడు. ఆ పాట చివరికి వచ్చేసరికి ఏమంటాడంటే, తిట్టానని బాధపడకు, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను అంటాడు. మూడున్నర శతాబ్దాలుగా తెలుగువాళ్లు దాన్ని భక్తి గానే పాడుకుంటున్నారు. గుళ్లో, భజనల్లో, పిల్లల సంగీతం క్లాసుల్లో. ఎవరూ దాన్ని అపచారం అనలేదు.

ఎందుకంటే ఆయన అరిచింది రాముడి మీద కాదు, రాముడితో. పక్కవాడి దగ్గర రాముడి మీద చాడీలు చెప్పలేదు. ముఖం చూసి అడిగాడు. దేవుడితో మాటలు మానేసిన నా మూడు వారాల మౌనం కన్నా ఆయన తిట్టు వెయ్యి రెట్లు భక్తి.

గీత ఏడో అధ్యాయంలో భగవంతుడు తనని కొలిచేవాళ్లు నాలుగు రకాలు అంటాడు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. కష్టంలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, ఏదో కావాలని అడిగేవాడు, తెలిసినవాడు. జ్ఞాని తనకి చాలా ఇష్టం అంటాడు, నిజమే. కానీ ఆ వెంటనే ఈ నలుగురూ ఉదారులే అంటాడు. ఆ లిస్టులో మొదటి పేరు ఆర్తుడిది. అవసరానికి వచ్చావా అని ఆయన అడగలేదు. ఆ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను.

గంగ మధ్యలో సీతమ్మ

మార్పు అనగానే నాకు గుర్తొచ్చే ప్రార్థన ఇంకొకటి ఉంది. అయోధ్య వదిలేశారు. గుహుడు పడవ తెప్పించాడు. సుమంత్రుణ్ణి కూడా వెనక్కి పంపేశారు. పడవ గంగ మధ్యకి వచ్చింది. అప్పుడు సీతమ్మ చేతులు జోడించి గంగమ్మతో మాట్లాడుతుంది. నా భర్త పద్నాలుగేళ్లు అడవిలో గడిపి క్షేమంగా తిరిగి వస్తే నిన్ను పూజించుకుంటాను తల్లీ అని మొక్కుకుంటుంది.

అది ఒడ్డున చేసిన ప్రార్థన కాదు. వెనక ఊరు లేదు, ముందు అడవి ఇంకా రాలేదు. మార్పు అంటే అదే కదా. పాత ఐడీ కార్డు పోయింది, కొత్తది రాలేదు. పాత ఇంటి తాళాలు ఇచ్చేశాం, కొత్త ఇంట్లో గిన్నెలు ఎక్కడ పెట్టాలో తెలియదు. సరిగ్గా అక్కడ సీతమ్మ ప్రార్థించింది. అడవికి వెళ్లడం మంచిదే అని అనలేదు. ఈ పడవ దాటించు, మళ్లీ రానివ్వు అంది.

మన ఆచారాలు చూడండి, ప్రార్థన ఎప్పుడూ ఇలాంటి మధ్య చోటుల్లోనే ఉంటుంది. పగలు రాత్రి కలిసే చోటు సంధ్య. సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశికి మారే రోజు సంక్రాంతి. ఇల్లు మారితే పాలు పొంగిస్తాం. ఇంట్లో కాదు, బయట కాదు, గడప. దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాం. దాటే చోట మనిషి తడబడతాడని మన అమ్మమ్మలకి తెలుసు.

మా ఊరు గోదావరి అవతల. రైలు రాజమండ్రి వంతెన ఎక్కగానే బోగీలో శబ్దం మారుతుంది. పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు. కిటికీ దగ్గర ఉన్నవాళ్లు నీళ్లలోకి రూపాయి బిళ్ల వేసి దణ్ణం పెట్టుకుంటారు. మామ్మ అయితే వంతెన అయిపోయేదాకా చేతులు దించేది కాదు. "ఏం అడుగుతావు మామ్మా?" అంటే "అడగడమేంట్రా, ఈ నీళ్లే కదా మన చేలో అన్నం అయింది" అనేది. కాసేపాగి "మీ నాన్న షుగరు తగ్గాలని కూడా అడిగాను" అనేది. రెండూ ఒకే దణ్ణంలో పట్టేవి. కృతజ్ఞత ముందు, కోరిక వెనక. నేనే రెండింటినీ విడదీసుకుని ఏది చెప్పాలో తెలియక నోరు మూసుకున్నాను.

108

మూడు వారాల తర్వాత ఒక బుధవారం. పనిరోజే, నాకు పని లేదు. పొద్దున్నే బస్సెక్కి చిలుకూరు వెళ్లాను. బండి అప్పటికే అమ్మేశాను. ఇంటద్దె మిగలడానికి వేరే గదికి మారే ఏర్పాట్లో ఉన్నాను.

చుట్టూ 11 తిరిగేవాళ్లు. చేతుల్లో ఫైళ్లు, కొందరి జేబుల్లో పాస్‌పోర్టులు. నాలుగేళ్ల క్రితం నాలాగే ఉన్నారు. 108 గళ్ల కాగితం తీసుకున్నాను. అప్పుడు ఒక్కసారి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లేని ఉద్యోగానికి మొక్కు తీరుస్తున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చివాడు అనుకుంటారు.

మొదటి ముప్పై చుట్లు మంటలోనే గడిచాయి. ఆ కాల్‌లో ఆవిడ అన్న మాటలు, నేను అనలేకపోయిన జవాబులు. ఎక్కడో నలభై దాటాక నడక ఒక లయలో పడింది. అప్పుడు, ఎవరూ అడగకుండానే, లెక్క తిరగడం మొదలైంది. రామదాసు లెక్క లాంటిదే, కాకపోతే తిరగేసి. మొదటి జీతంతో అమ్మకి కొన్న చీర. రెండో ఏడాది నాన్న కంటి ఆపరేషన్. చెల్లి ఆఖరి సంవత్సరం ఫీజు. నాకు కోడింగ్ సరిగ్గా రాని రోజుల్లో రాత్రి పదింటిదాకా కూర్చుని నేర్పిన సీనియర్. క్యాంటీన్‌లో నేను రాకపోతే ఇడ్లీ దాచి ఉంచిన అన్న. ఇవన్నీ జరిగాయి. ఆ గురువారం కాల్ వీటిలో ఒక్కదాన్ని కూడా వెనక్కి తీసుకోలేదు. నాన్నకి కన్ను కనిపిస్తూనే ఉంది. చెల్లి డిగ్రీ చెల్లుతూనే ఉంది.

నేను స్వామిని అడిగింది ఒక ఉద్యోగం. ఎప్పటికీ ఉండే ఉద్యోగం అని అడగలేదు. అడిగినా ఎవరికీ అలాంటిది ఉండదు. ఇచ్చినది నాలుగేళ్లు ఉంది. పోయింది కాబట్టి ఇవ్వనట్టే అంటే, పూసి రాలిన మల్లె పూయనట్టే అనాలి.

రెండు గంటలు దాటింది. అరికాళ్లు మండుతున్నాయి. 108వ గడి కొట్టేసి కూర్చున్నాను. గొప్ప వెలుగేమీ కనిపించలేదు, నిజంగా చెబుతున్నాను. మనసు తేలికైంది అని కూడా అనను, అలసిపోయింది. కానీ బాకీ అనే ముల్లు పోయింది. లేచి మళ్లీ 11 తిరిగాను. ఈసారి అడగడానికి సిగ్గు వేయలేదు.

తర్వాత ఏమైంది అని అడుగుతారని తెలుసు. ఇది రాస్తున్న రోజుకి నాకు స్థిరమైన ఉద్యోగం లేదు. చిన్న చిన్న కాంట్రాక్టు పనులు చేస్తున్నాను. 108 చేశాను, మర్నాడే ఆఫర్ లెటర్ వచ్చింది అని రాస్తే ఈ పోస్టు ఎక్కువమంది షేర్ చేస్తారు. కానీ అలా జరగలేదు. అలా జరగకపోయినా ఆ 108 వ్యర్థం కాలేదు. నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే.

మీరు ఏం చేయొచ్చు

పెద్ద సాధనలు చెప్పను. నాకు పనికొచ్చినవి మూడు చెబుతాను.

మొదటిది, సంధ్య వేళ దీపం. మనసు బాగోలేకపోయినా పెట్టండి. మంత్రం రాకపోతే మాట్లాడకండి. దీపం వెలిగినంతసేపు కూర్చోండి. ఫిర్యాదు ఉంటే ఆయనతోనే చెప్పండి, ఉన్నది ఉన్నట్టు.

రెండోది, రోజుకి ఒక్క "కృతం" రాయండి. బాగున్న విషయం అని రాయకండి, ఎవరు ఏం చేశారో రాయండి. "ఈ రోజు వాతావరణం బాగుంది" అంటే లాభం లేదు. "లిఫ్ట్ పని చేయకపోతే వాచ్‌మన్ సిలిండర్ మూడు అంతస్తులు మోసుకొచ్చాడు" అని రాయండి. మనిషి పేరు ఉండాలి, పని ఉండాలి. చెడ్డ రోజుల్లో కూడా ఒకటి దొరుకుతుంది. దొరకని రోజు ఖాళీగా వదిలేయండి, కల్పించకండి.

మూడోది, వారానికి ఒకసారి ఆ లిస్టులో ఒకరికి ఆ మాట చేరవేయండి. ఋణం తలుచుకుంటే తీరదు, తిరిగి ఇవ్వాలి కదా. నాకు రాత్రి పదిదాకా నేర్పిన సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయన ఉద్యోగం కూడా పోయిందట, నాకు తెలియలేదు. గంటసేపు మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఇంకా చదువుకుంటున్న ఇద్దరు పిల్లలకి వారానికి రెండు రాత్రులు నేను నేర్పుతున్నాను. ఆయనకి తిరిగి ఇవ్వలేనిది వాళ్లకి ఇస్తున్నాను.

భాగవతం మొదటి స్కంధంలో కుంతీదేవి కృష్ణుడితో మాట్లాడే ఘట్టం ఒకసారి చదవండి. యుద్ధం అయిపోయింది, కృష్ణుడు ద్వారకకి బయలుదేరుతున్నాడు. అప్పుడు ఆవిడ ఒక్కొక్కటీ గుర్తు చేస్తుంది. విషం, లక్క ఇల్లు, అడవి, జూదం సభ, యుద్ధం, అశ్వత్థామ అస్త్రం. ఆపదలు వస్తూనే ఉండనీ, అప్పుడే కదా నువ్వు కనిపిస్తావు అంటుంది. అంత మాట అనడానికి నాకు ధైర్యం లేదు, మిమ్మల్నీ అనమని చెప్పను. కానీ ఆవిడ లిస్టు చూడండి. ఆపదని మంచిది అనలేదు. ప్రతి ఆపద పక్కనా, అందులో ఎవరు కాపాడారో రాసుకుంది.

చెల్లెమ్మా, నీ ప్రశ్నకి నా జవాబు ఇంతే. తప్పిపోయిన సంబంధానికి థాంక్స్ వద్దు. ఆ మూడు నెలల్లో నీ పక్కన కూర్చున్నది ఎవరు? నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి అర్ధరాత్రి తలుపు తీసింది ఎవరు? కొత్త ఊళ్లో మొదటి రోజు నీకు దారి చెప్పింది ఎవరు? వాళ్ల పేర్లు రాసుకో. ఆ కాగితం దీపం దగ్గర పెట్టు. నీకు ఏం కావాలో అది కూడా అడుగు, మా మామ్మలాగా అదే దణ్ణంలో.

నిన్న సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, దీపం పెట్టావా?"

పెట్టాను. ఈసారి నిజంగానే.

మళ్లీ వీడియోలో కలుద్దాం. శుభం.